కోన్యూర్ పక్షులు: రకాలు, పెంపకం – ఇంటికి తెచ్చుకునే ముందు రైతు తెలుసుకోవాల్సిన విషయాలు



మనం ఇప్పటిదాకా ఆవుల గురించి, నాటుకోళ్ళ గురించి, తేనెటీగల గురించి చాలా మాట్లాడుకున్నాం. ఈసారి విషయం కొంచెం వేరు. ఇంతకుముందు పెట్టిన ఒక చిన్న వీడియోలో మా షెడ్డులో ఉన్న రంగురంగుల చిలుకలు కనబడ్డాయి. అప్పటినుంచి చాలామంది రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. "అన్నా, అవి ఏ పక్షులు?" అనేది ఒకటి. "ఒక జత తెచ్చుకుంటే పిల్లల్ని అమ్ముకుని పాల డబ్బుల్లాగా నెలనెలా ఏమైనా వస్తుందా?" అనేది రెండోది. మొదటి ప్రశ్నకి సమాధానం పైన వీడియోలో పక్షుల్ని చూపిస్తూ చెప్పాను. వివరాలన్నీ ఒకచోట రాసి ఉంటే మళ్ళీ చూసుకోవడానికి బాగుంటుందని ఇక్కడ రాస్తున్నాను. రెండో ప్రశ్నకి మాత్రం కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి. డబ్బులు పెట్టే ముందే తెలియాల్సిన సంగతులు అందులో ఉన్నాయి.

కోన్యూర్ అంటే ఏమిటి?

కోన్యూర్లు దక్షిణ అమెరికా, మధ్య అమెరికా అడవుల్లో ఉండే చిలుకలు. మన దేశం పక్షులు కావు. పొడవైన తోక, చురుకైన చూపు, బలమైన ముక్కు వీటి గుర్తులు. "కోన్యూర్" అనేది ఒకే జాతి పేరు కాదు. పాతకాలంలో శాస్త్రవేత్తలు కోన్యురస్ అని ఒక ప్రజాతి పేరు వాడేవారు. ఆ పేరు శాస్త్రంలో పోయింది కానీ పక్షులు పెంచేవాళ్ళ నోట్లో మిగిలిపోయింది. మనం చిరుధాన్యాలు అని ఒకే మాటలో కొర్రలు, సామలు, అరికలు, ఊదలు అన్నిటినీ కలిపి అంటాం కదా, ఇదీ అలాంటిదే. ఆ పేరు కింద చాలా రకాలు ఉన్నాయి, ఒక్కోదాని గొంతు, సైజు, స్వభావం వేరు.

మన దగ్గర కనబడే ముఖ్యమైన రకాలు

1. సన్ కోన్యూర్: పసుపు, నారింజ రంగులు కలిసి నిప్పులాగా మెరిసిపోయే పక్షి ఇదే. రెక్కల చివర ఆకుపచ్చ, నీలం ఉంటాయి. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 100 నుంచి 120 గ్రాముల బరువు. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఆకుపచ్చగా ఉంటుంది, పూర్తి రంగు రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. కాబట్టి పిల్ల పచ్చగా ఉందని మోసం అనుకోవద్దు. దీని గొంతు మాత్రం చాలా పెద్దది. పక్కింటి గోడ కలిసి ఉన్న ఇళ్ళలో ఇది పెంచితే పక్కవాళ్ళతో తగువు ఖాయం. బ్రెజిల్ ఉత్తర భాగంలో, గయానా ప్రాంతంలో ఇది సహజంగా ఉంటుంది. పెంపకం కోసం విపరీతంగా పట్టేయడం వల్ల అడవిలో బాగా తగ్గిపోయి, ఈరోజు అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో ఉంది. పంజరాల్లో వేలకొద్దీ, అడవిలో కొద్దిగా. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

2. జెండే కోన్యూర్: సన్ కోన్యూర్‌కి దగ్గరి చుట్టం. తల, మెడ పసుపు, పొట్ట నారింజ, రెక్కలు మాత్రం ఎక్కువగా ఆకుపచ్చ. రెక్కలు చూసి సన్, జెండే తేడా పట్టుకోవచ్చు. ఇది ఈశాన్య బ్రెజిల్ పక్షి. అరుపు దాదాపు సన్ లాగానే.

3. నాండే కోన్యూర్: ఒళ్ళంతా ఆకుపచ్చ, తల మాత్రం నల్లగా, ముసుగు వేసుకున్నట్టు ఉంటుంది. తొడల దగ్గర ఎర్రని ఈకలు. బొలీవియా, పరాగ్వే, బ్రెజిల్, అర్జెంటీనా దేశాలది. పంజరాల నుంచి తప్పించుకున్న ఈ పక్షులు అమెరికాలోని ఫ్లోరిడాలో గుంపులుగా స్థిరపడిపోయాయి. పరదేశపు పక్షిని బయట వదిలితే ఏమవుతుందో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

4. గ్రీన్ చీక్ కోన్యూర్: కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. 26 సెంటీమీటర్ల లోపు, 60 నుంచి 80 గ్రాములు. బుగ్గలు ఆకుపచ్చ, తల ముదురు బూడిద గోధుమ రంగు, తోక మెరూన్. సన్ కోన్యూర్‌తో పోలిస్తే అరుపు చాలా తక్కువ. ఆటలు ఎక్కువ, మనిషి భుజం మీద కూర్చోవడం, వెల్లకిలా పడుకుని కాళ్ళతో ఆడటం దీని అలవాట్లు. అయితే కొరకదు అనుకోవద్దు, వయసు వచ్చేటప్పుడు కాస్త కొరుకుతుంది.

5. మెరూన్ బెల్లీడ్ కోన్యూర్: చూడటానికి గ్రీన్ చీక్ లాగానే ఉంటుంది. తల ఎక్కువ ఆకుపచ్చగా ఉంటుంది, తోక పైభాగం కూడా ఆకుపచ్చే. ఈ రెండూ కలగలిపి అమ్మేవాళ్ళు ఉంటారు, తోక చూసి తీసుకోండి.

6. బ్లూ క్రౌన్డ్ కోన్యూర్: పెద్ద సైజు, నుదుటి మీద నీలం రంగు. మాటలు కొంచెం బాగా నేర్చుకునే రకాల్లో ఇదొకటి. మన దగ్గర అరుదు.

7. పటగోనియన్ కోన్యూర్: వీటన్నిటిలో పెద్దది, సుమారు 45 సెంటీమీటర్లు. అర్జెంటీనాలో సముద్రం ఒడ్డున మట్టి కొండ చరియల్లో బొరియలు తవ్వుకుని వేల జంటలు ఒకేచోట గూళ్ళు పెడతాయి. ఎల్ కొండోర్ అనే ఊరి దగ్గర ఉన్న వీటి కాలనీ ప్రపంచంలోనే అతి పెద్ద చిలుకల కాలనీగా పేరు పొందింది.

8. గోల్డెన్ కోన్యూర్: బంగారు పసుపు ఒళ్ళు, ఆకుపచ్చ రెక్క చివరలు. బ్రెజిల్‌ది. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటిస్‌లో ఇది అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. ఎవరైనా దీన్ని కాగితాలు లేకుండా అమ్ముతానంటే ఆ మనిషికి దూరంగా ఉండండి.

పైనాపిల్, సినమన్ అంటే కొత్త జాతులా?

కాదు. ఇక్కడ చాలామంది పొరపడతారు. పైనాపిల్, సినమన్, ఎల్లో సైడెడ్, టర్కాయిస్ ఇవన్నీ గ్రీన్ చీక్‌లో వచ్చిన రంగు మార్పులు మాత్రమే. పక్షి ఒకటే, చొక్కా వేరు. సినమన్, ఎల్లో సైడెడ్ రెండు గుణాలూ ఒకే పక్షిలో కలిస్తే దాన్ని పైనాపిల్ అంటారు. ఈ రెండు గుణాలూ లింగాన్ని బట్టి దిగుతాయి. ఆడపక్షిలో ఆ గుణం ఉంటే రంగులో కనబడి తీరుతుంది, లోపల దాగి ఉండదు. మగపక్షిలో మాత్రం బయటికి మామూలు రంగు ఉండి లోపల దాగి ఉండవచ్చు. కాబట్టి మామూలు రంగు ఆడపక్షిని చూపించి "దీని లోపల సినమన్ ఉంది" అని ఎక్కువ రేటు చెప్తే నమ్మకండి.

ఇంకో మాట. సన్, జెండే జత కడితే పిల్లలు వస్తాయి, ఆ పిల్లలకి కూడా పిల్లలు వస్తాయి. రంగు బాగుంటుందని కొందరు అలా కలిపేస్తున్నారు. నాటు విత్తనం పక్కన వేరే రకం వేసి పరపరాగ సంపర్కం జరిగితే మన విత్తనం ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పదేళ్ళ తర్వాత ఏది సన్, ఏది జెండే అని తేల్చుకోలేని పరిస్థితి వస్తుంది. అడవిలో తగ్గిపోతున్న జాతి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. దేశీ విత్తనం కాపాడే రైతు పక్షి విషయంలో కూడా అదే పద్ధతి పాటించాలి.

చట్టం ఏం చెప్తుంది?

మన పొలాల్లో తిరిగే రామచిలుకని పట్టి పంజరంలో పెట్టడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 దాన్ని కాపాడుతోంది. "చిన్నప్పుడు మా తాతగారి ఇంట్లో ఉండేది" అంటే చట్టం ఒప్పుకోదు.

కోన్యూర్ విదేశీ పక్షి కాబట్టి పెంచుకోవచ్చు, కానీ నమోదు చేయించాలి. కోన్యూర్లన్నీ సైటిస్ జాబితాలో ఉన్నాయి. 2022లో చట్టాన్ని సవరించి ఈ జాబితాలోని ప్రాణుల్ని చట్టం కిందికి తెచ్చారు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి పక్షి మన దగ్గరికి వచ్చిన 30 రోజుల్లోపు పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్‌కి దరఖాస్తు పెట్టాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. అందుకే కొనేటప్పుడు రసీదు, అమ్మేవాళ్ళ నమోదు కాగితం అడిగి తీసుకోండి. పొలానికి పాసుపుస్తకం ఎలాగో పక్షికి ఈ కాగితం అలాగ.

పంజరం, చోటు

గ్రీన్ చీక్ ఒక్కదానికి కనీసం 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉండాలి. సన్, జెండే లాంటివాటికి 3 అడుగులు ఉండాలి. ఇది కనీసం మాత్రమే, ఎంత పెద్దదైతే అంత మంచిది. ఊచల మధ్య సందు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాటకూడదు, దాటితే తల ఇరుక్కుంటుంది. తుప్పు పట్టిన తీగ, పెచ్చులూడే రంగు ఉన్న పంజరం వద్దు. పక్షి ముక్కుతో గీకి తింటుంది.

కూర్చోవడానికి నున్నటి ప్లాస్టిక్ కర్రలు కాకుండా జామ, వేప కొమ్మలు వేరువేరు మందాల్లో కట్టండి. పాదాలకి పుండ్లు పడవు, బెరడు కొరుక్కుంటూ కాలక్షేపం అవుతుంది. పురుగుమందు తగలని కొమ్మలు కొనాలంటే పట్నంవాళ్ళకి కష్టం, మనకి గట్టు మీదే ఉన్నాయి. నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టి కడితే చాలు.

రాత్రి 10 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పిల్లి, పాము, ఎలుక రాకుండా సన్న మెష్ తప్పనిసరి. మన ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద పెట్టవద్దు. నీడ, గాలి ఉండాలి, స్నానానికి వెడల్పు మూకుడులో నీళ్ళు పెట్టండి. స్నానం అంటే వీటికి పండగే.

మేత: మన పొలమే సగం దుకాణం

చాలామంది పొద్దుతిరుగుడు గింజలు పోసి ఊరుకుంటారు. అందులో కొవ్వు ఎక్కువ. రోజూ అవే తింటే కాలేయం పాడవుతుంది, విటమిన్ ఏ లోపం వస్తుంది. వాటిని మాలిమి చేసేటప్పుడు బహుమానంగా రెండు మూడు గింజలు ఇవ్వండి, అంతే.

నేను పాటించే పద్ధతి ఇది:

ఉదయం: సన్నగా తరిగిన క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, మునగాకు, కొత్తిమీర, గుమ్మడి. వీటిలో ఏదో ఒక మూడు కలిపి. దాంతోపాటు మొలకెత్తిన పెసలు. మొలకలు ఒకటికి రెండుసార్లు కడిగి పెట్టాలి, బూజు వాసన వస్తే పారేయాలి. తడి మేత రెండు మూడు గంటల తర్వాత తీసేయాలి.

పగలంతా: మంచి పెల్లెట్ మేత. మొత్తం తిండిలో సగం పైన ఇదే ఉండేలా చూడాలని పక్షుల డాక్టర్లు చెప్తారు.

సాయంత్రం: కొర్ర కంకి ఒక ముక్క, లేదా కొద్దిగా సజ్జలు. పట్నాల్లో పెట్ షాపుల్లో ప్యాకెట్లలో పెట్టి అమ్మే మిల్లెట్ స్ప్రే అంటే మన కొర్ర కంకే. మీ చేలో పండినదే ఇవ్వండి.

వారానికి కొన్నిసార్లు బొప్పాయి, జామ, దానిమ్మ కొద్దిగా. ఎముకల బలానికి, గుడ్లు పెట్టే ఆడపక్షికి కటిల్ బోన్ ఎప్పుడూ పంజరంలో ఉండాలి. ఎండు కందులు, రాజ్మా లాంటి పప్పు గింజలు పచ్చివి పెట్టవద్దు, బాగా ఉడికించే పెట్టాలి.

పెట్టకూడనివి: అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు కారం వేసిన మన కూరలు, ఆపిల్ గింజలు. అవకాడో ఇప్పుడు మన దగ్గర కూడా కొందరు సాగు చేస్తున్నారు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను. అది చిలుకలకి విషం.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

"మాది రసాయనాలు లేని పొలం, భయం లేదు" అనుకోవద్దు. నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, దశపర్ణి కషాయం మనకి మంచివే, కానీ అవి కొట్టిన ఆకుని అదే రోజు కోసి పక్షికి పెట్టవద్దు. అందులో మూత్రం, ఘాటు, పొగాకు లాంటివి ఉంటాయి. పక్షి మేత కోసం మునగ, కొత్తిమీర, తోటకూర ఒక చిన్న మడి వేరుగా పెట్టుకోండి, అందులో ఏదీ కొట్టకండి.

పక్షి ఊపిరితిత్తులు మన వాటికంటే చాలా సున్నితం. జీవామృతం డ్రమ్ముల పక్కన, పేడ కుప్పల పక్కన పంజరం పెట్టవద్దు, అమ్మోనియా వాసన వాటికి పడదు. దోమల చక్రం, సాంబ్రాణి పొగ, అగరబత్తి, పొయ్యి పొగ దూరంగా ఉండాలి. అన్నిటికంటే ప్రమాదం నాన్ స్టిక్ పెనం. ఖాళీ పెనం బాగా వేడెక్కితే వచ్చే ఆవిరి మనకి తెలియకపోవచ్చు, పక్షి మాత్రం నిమిషాల్లో చనిపోతుంది. వంటగదిలో పంజరం వద్దే వద్దు.

నాటుకోళ్ళ దొడ్డికి కోన్యూర్ పంజరం దూరంగా ఉండాలి. మనం కొక్కెర తెగులు అనే రాణికేత్ రోగం చిలుకలకీ వస్తుంది, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పాకుతుంది. ముందు పంజరం పని చూసుకుని, చేతులు కడుక్కుని, తర్వాత కోళ్ళ దగ్గరికి వెళ్ళండి. కొత్తగా తెచ్చిన పక్షిని 30 నుంచి 45 రోజులు వేరే గదిలో ఉంచాలి. చిలుకల రెట్ట దుమ్ము ద్వారా మనుషులకి జ్వరం, దగ్గు తెచ్చే సిట్టకోసిస్ అనే జబ్బు కూడా ఉంది. పంజరం ఊడ్చేటప్పుడు రెట్టని తడిపి, ముక్కుకి గుడ్డ కట్టుకుని తీయండి. పచ్చి రెట్ట కూరగాయల మడిలో వేయవద్దు.

జబ్బు చేసినా పక్షి బయటపడనివ్వదు. అడవిలో బలహీనంగా కనబడితే గద్ద తన్నుకుపోతుంది కాబట్టి దాచుకోవడం దాని స్వభావం. అందుకే వారానికి ఒకసారి గ్రాముల త్రాసు మీద బరువు చూసి పుస్తకంలో రాసుకోండి. 70 గ్రాముల పక్షి 63కి పడిపోయిందంటే ఈకలు ఎంత నున్నగా ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఈకలు ఉబ్బించి కూర్చోవడం, తోక ఊపుతూ ఊపిరి తీయడం, పంజరం అడుగున కూర్చోవడం ప్రమాద సూచనలు.

స్వభావం

కోన్యూర్ గుంపు పక్షి. ఒంటరిగా ఉంచి మనం రోజంతా పొలంలో ఉంటే అది అరుస్తుంది, తర్వాత తన ఈకలు తానే పీక్కుంటుంది. రోజుకి రెండు గంటలైనా బయట మనతో గడపాలి, లేదా జతగా ఉంచాలి. కొరికితే కొట్టకూడదు, గట్టిగా అరవకూడదు. మన అరుపుని అది ఆట అనుకుంటుంది. నిశ్శబ్దంగా దించేసి రెండు నిమిషాలు పట్టించుకోకుండా ఉంటే నెమ్మదిగా మానేస్తుంది.

బాగా చూస్తే 20 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది. అంటే ఈరోజు మీ పాప ఆరో తరగతిలో ముచ్చటపడి అడిగిన పక్షి, ఆ పాప పెళ్ళయి వెళ్ళాక కూడా మీ ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు ఎవరు చూస్తారు అనేది కొనేముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఇక రెండో ప్రశ్న: ఆదాయం వస్తుందా?

ముందు లెక్క చూద్దాం. ఆడ, మగ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఈకతో డీఎన్ఏ పరీక్ష చేయించాలి. గ్రీన్ చీక్‌కి ఏడాది నుంచి రెండేళ్ళు, సన్‌కి రెండు నుంచి మూడేళ్ళు వచ్చాకే జత కట్టాలి. గుడ్లు నాలుగు ఐదు పెడుతుంది, 23, 24 రోజులు పొదుగుతుంది, పిల్లలు గూడు వదలడానికి ఏడెనిమిది వారాలు. మొదటి ఈతలో గుడ్లు చెడిపోవడం, తల్లి పిల్లల్ని వదిలేయడం మామూలే. జత కుదరకపోతే ఏళ్ళ తరబడి గుడ్డే పెట్టదు. మేత, డాక్టర్, పరీక్షల ఖర్చు మాత్రం ఆగదు.

ఇప్పుడు అసలు మాట. 2012 ప్రాంతంలో ఈము పక్షుల సంగతి ఏమైందో మన రైతుల్లో చాలామందికి గుర్తుంది. పిల్లల్ని పెంచి అమ్మండి అన్నారు. కొన్నది ఎవరు? కొత్తగా పెంచడానికి వచ్చిన రైతులే. తినేవాళ్ళు, వాడేవాళ్ళు లేని సరుకు ఎన్నాళ్ళు నిలుస్తుంది? కొత్తగా చేరేవాళ్ళు ఆగిన రోజు మొత్తం కూలింది. అప్పులు మిగిలాయి, మేత లేని పక్షులు రోడ్డు మీద పడ్డాయి. కోన్యూర్ విషయంలో "జత కొనండి, పిల్లల్ని మేమే తిరిగి కొంటాం" అని ఎవరైనా అంటే ఒకటే అడగండి: చివరికి ఈ పక్షిని ఇంట్లో పెంచుకునేవాడు ఎవరు, ఎక్కడున్నాడు? దానికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. అప్పు చేసి, బంగారం తాకట్టు పెట్టి ఈ పనిలోకి దిగొద్దు. ఇష్టం ఉండి, తీరిక ఉండి, ఒకటో రెండో పెంచుకుంటే సంతోషం. ఆదాయం కోసమైతే నాటుకోళ్ళు, తేనెటీగలు మనకి తెలిసిన దారి.

ఒక పక్షి కథ, మన చేనికి పాఠం

అమెరికాలో కెరోలినా చిలుక అని ఒకటి ఉండేది. పచ్చని ఒళ్ళు, పసుపు తల, కోన్యూర్లకి దగ్గరి బంధువు. తోటల్లో పండ్లు పాడు చేస్తోందని రైతులు తుపాకులతో కాల్చారు. ఒక పక్షి పడితే మిగతా గుంపు ఎగిరిపోకుండా దాని చుట్టూనే తిరిగేది. అలా గుంపులకి గుంపులే పోయాయి. అడవులు నరకడం, టోపీల మీద ఈకల కోసం వేటాడటం కూడా తోడయ్యాయి. చివరి పెంపుడు పక్షి 1918 ఫిబ్రవరి 21న సిన్సినాటి జూలో చనిపోయింది. ఇంకో విషయం వినండి. ఆ చిలుకకి ఇష్టమైన తిండి మరులమాతంగి కాయలు. పశువులకి విషమైన ఆ కలుపు మొక్క మన గట్ల మీదా ఉంది, దాన్ని పీకలేక మనం ఎంత అవస్థ పడతామో తెలుసు. ఆ గింజల్ని ఉచితంగా తినిపెట్టే కూలీని వాళ్ళు చేజేతులా పోగొట్టుకున్నారు.

మన జొన్న మీద, జామ మీద రామచిలుకలు వాలినప్పుడు కోపం రావడం సహజం. వలలో పట్టడం, మందు పెట్టడం వద్దు. చేను చుట్టూ రెండు సాళ్ళు సజ్జ ఎక్కువ వేయండి, మెరిసే రిబ్బన్లు కట్టండి, జామ కాయలకి సంచులు తొడగండి. పట్టిన చిలుకని అమ్మకానికి తెచ్చేవాళ్ళ దగ్గర కొనకండి, అటవీ శాఖకి చెప్పండి. అలాగే కోన్యూర్ పెంచలేకపోతే జాలిపడి చెట్ల మీద వదిలేయకండి. మన అడవిలో అది ఆకలితో చస్తుంది, లేదా బతికి మన పక్షులకి పోటీ అవుతుంది. నమోదు ఉన్న, బాగా చూసుకునే మరో ఇంటికి కాగితాలతో సహా ఇవ్వండి.

పంజరం కొలతలు, మేత కలిపే పద్ధతి, త్రాసు మీద పక్షిని నిలబెట్టే విధానం వీడియోలో వివరంగా చూపించాను, ఒకసారి చూడండి. మీ ఇంట్లో కోన్యూర్ ఉంటే ఈ వారమే దాని బరువు చూసి రాసి పెట్టుకోండి. ఇంకా కొనకపోతే ముందు ఆ మునగ, కొత్తిమీర మడి వేయండి. పక్షి రాకపోయినా మీ ఇంటి కూరకైనా పనికొస్తుంది.